మొక్క నాటాక మూడేళ్లు

కూచిపూడి నుంచి పామర్రు మీదుగా బందరు రోడ్డెక్కి విజయవాడ వచ్చేవారికి దారి పొడవునా పచ్చని పొలాలే. బెంజి సర్కిల్ చేరాక మాత్రం మే నెల మధ్యాహ్నం నిలబడటానికి జానెడు నీడ వెతుక్కోవాలి. బందరు, ఏలూరు, రైవస్ కాలవలు పారే ఊళ్లో చెట్టుకి ఇంత కరువేమిటి?

నాటక కాదు. కె.ఎం.మున్షీ 1950లో మొదలుపెట్టిన వనమహోత్సవం ఏటా జరుగుతూనే ఉంది. 2020 జూలై 22న ఇబ్రహీంపట్నంలో ప్రారంభమైన జగనన్న పచ్చతోరణం లక్ష్యం ఏకంగా 20 కోట్ల మొక్కలు. ప్రభుత్వాలు మారితే పథకం పేరు మారుతుంది, గుంత తవ్వే పలుగు మాత్రం అదే.

చిక్కంతా ఫొటో తీశాక వస్తుంది. జూలైలో నాటిన కానుగ మొక్క వానల్లో బాగానే చిగురిస్తుంది. సంక్రాంతి దాటేసరికి నల్లరేగడి బీటలు తీస్తుంది, ట్రీ గార్డు సందులోంచి మేక మూతి పెడుతుంది. నీళ్లు మరీ తప్పనిసరైన వేసవిలోనే కాలవలు కట్టేస్తారు. మొదటి రెండు మూడు వేసవులు ట్యాంకరు వచ్చిందా లేదా అన్నదే దాని బతుకు. గట్టెక్కి కొమ్మలు సాచిందా, పైన కరెంటు తీగలు, కింద లైన్‌మన్ కత్తి!

అందుకే నాటినవారికి కాక సాకినవారికి డబ్బిచ్చే పథకాలే నయం. పల్లెల్లో ఉపాధి హామీ కింద రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోసినందుకూ, కాపలా కాసినందుకూ కూలి ఇస్తూ వచ్చారు. అది పట్టణాలకు వర్తించదు. ఆ లోటు పూడ్చేలా కేంద్రం 2025లో అమృత్ 2.0 కింద మొక్కలు నాటి పెంచే పనిని పట్టణ మహిళా సంఘాలకు అప్పగించింది. ఆ వీధిలోనే కాపురముండే మనిషికి మొక్క వాడిపోవడం కంటపడకుండా పోదు.

తెలంగాణ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. 2015లో హరితహారం మొదలెట్టి, 2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికి కేటాయించమంది. నాటినవాటిలో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు. కాగితం మీద బతికించే మొక్కల బెడద దీనికీ ఉంటుంది, నిజమే. అయినా నాటినవి ఎన్నో కాక, మిగిలినవి ఎన్నో అడిగిన చట్టమిది.

ఎదిగిన చెట్టుకి గండం మరోలా వస్తుంది. కొట్టేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. సిమెంటు రోడ్డు మొదలు దాకా పోసి వేరుకి చుక్క నీరు అందకుండా చేస్తే అడిగేవారు అరుదు. ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. విజయవాడ వీధుల్లో ఆ మీటరు మట్టి వదిలితే, ఉన్న వేపలూ రావులూ తమ నీళ్లు తామే తాగుతాయి. దానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు, రోడ్డు టెండర్లో ఓ షరతు చాలు.