జమ్ములో దాగెడు కొంగ

నాగలి వెంట నడచుచు పురుగుల నేఱుకొను తెల్లకొంగను ఎఱుగని రైతు లేడు. దానికి బంధువగు మఱియొక చిన్న కొంగ మన చేలగట్టుననే కాపురముండియు సామాన్యముగా మన కంటబడదు. దాల్చినచెక్క వన్నెగల దీని పొడవు సుమారు 38 సెంటీమీటర్లు. జమ్ము, తుంగ దట్టముగా నున్న చెఱువంచులును, ఏపుగా నెదిగిన వరిచేలును దీని నివాసములు. విశాఖపట్టణమునకు నైరుతిదిశను, అచ్యుతాపురము చెంతనున్న కొండకర్ల ఆవ వంటి మంచినీటి తావులు ఇట్టి పక్షులకు తగిన యాశ్రయములు.

అపాయము శంకించినపుడు ఈ పక్షి వెంటనే ఎగిరిపోదు. ముక్కు నాకసమున కెత్తి, మెడ నిక్కించి, కొయ్యవలె నిలుచును. మెడమీది నిలువుచారలు జమ్ముకాడల నీడలలో కలిసిపోవును. కన్నుల అమరికచే, ముక్కు పైకెత్తియుండియు నెదుటివానిని చూచుచునే యుండును.

డేగ కన్నుగప్పు నీ విద్య కొడవలి యెదుటను, నిప్పు నెదుటను కొఱగాదు. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు ఇది జమ్మును వంచి మెత్తవలె నమర్చి, నాలుగైదు గ్రుడ్లు పెట్టును. మనము కాలువగట్లు శుభ్రము చేయు దినములును తఱచుగా నవియే. కదలక కూర్చున్న తల్లిని కూలివాడు కానడు. ఒక్క కోతతో గూడంతయు నేలపాలగును.

ఈ పక్షి ధాన్యము ముట్టదు. పురుగులు, చిన్నచేపలు, కప్పలు దీని యాహారము. కప్పయు రైతునకు మిత్రమే కదా యని యడుగవచ్చును. నిజమే, కాని కప్పయు, కొంగయు కలిసి బ్రతుకుటకు చాలినంత తడినేల యుండుటయే చేనికి క్షేమము.

జమ్ము పెరిగి నీటిపారుదల కడ్డుపడునపుడు దానిని కోయక తప్పదు. అయినను ఈ మూడు నియమములు పాటింపవచ్చును:

1. తొలకరికి ముందే కాలువ నడుమ కోసి, ఒకవైపు గట్టున జమ్మును వానకారు ముగియువఱకు విడువవలెను. మఱుసటి యేట రెండవవైపు విడువవలెను.

2. చుట్టును ముట్టడించి కోయరాదు. ఒక కొననుండి మెల్లగా కోసికొనిపోయిన పక్షులకు తప్పించుకొను త్రోవ యుండును.

3. జమ్మునకు నిప్పు పెట్టరాదు. గూడు కనబడినచో, పిల్లలు వెడలువఱకు చుట్టునున్న కొంత జమ్మును ముట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఈ పక్షిని వేటాడుటయు, గ్రుడ్లు తీయుటయు నేరములు.

జమ్ము నశించిన నేమగునో ఇంగ్లండు మొదలగు దేశములు గల బ్రిటను చూపినది. అచట ఈ కుటుంబమునకే చెందిన పెద్దపక్షి యొకటి కలదు. 1997లో కూతవేయు మగపక్షులు పదునొకండు మాత్రమే లెక్కకు వచ్చెను. జమ్ముబీళ్లకు మరల నీరు పెట్టి కాపాడగా, 2023 నాటికి ఆ సంఖ్య 200 దాటెను. పోగొట్టుకొని మరల కూర్చుకొనుటకు వారికి పాతికేండ్లు పట్టినది. మనము గట్టున మూరెడు జమ్ము విడిచిన చాలును. సంఘ సభ్యులు ఈ వానకారుననే ఇది యాచరణలో పెట్టుదురు గాక.