అరుగు మీది మాట

గోదావరి సీమలోని పూర్వపు మండువా లోగిళ్లకు వీధి అరుగు ఇంటిలో ఒక భాగమే గాని అలంకారము కాదు. చేలనుండి మరలువారును, సంతకు పోవువారును దానిపై క్షణకాలము కూర్చుండి, పెద్దల మాట విని, తమ మాట చెప్పి లేచెడివారు. కావున ఆ యింటి తాతగారు గడప దాటలేని దశయందును ఊరే ఆయన కడకు నడచివచ్చెడిది. స్త్రీలకు ఆ అరుగు దక్కలేదు. వారి అరుగు కాలువరేవు. బిందె నిండులోపల కష్టసుఖములు పంచుకొనెడివారు. కుళాయి ఇంటిలోనికి వచ్చి నడుమునకు సుఖము కలిగించినది గాని, దానితో పోయిన మాటను ఎవరును నష్టముగా లెక్కింపరైరి. నేడు కోనసీమలో కొబ్బరితోటల నడుమ ఎన్నో మేడలలో మిగిలినవారు ఇరువురో, ఒక్కరో. పిల్లలు హైదరాబాదునందో అమెరికాయందో ఉందురు, ఫోను ఆదివారము మ్రోగును.

ఈ నిశ్శబ్దము మనస్సునకే భారమనుకొనుట పొరపాటు. లోకమున ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనమునకు లోనగుచున్నారనియు, ఏటా 8,71,000కు పైబడిన మరణములకు దానితో సంబంధమున్నదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తెలిపినది. తోడులేనివారు తమ ఒక్కరి కొరకు పొయ్యి వెలిగింపనొల్లక ఆవకాయతో, మజ్జిగతో పూట గడుపుదురు; బి.పి. మాత్ర మరతురు, నిద్రయు చెడును. సంభాషణము సామాన్యముగా తోచును గాని, ఎదుటివారి మాట విని, ముఖభావమును కనిపెట్టి, అనువైన జ్ఞాపకమును వెదకి, తగిన పదముతో బదులిచ్చుటలో మెదడు పడు శ్రమ ఎంతయో గలదు. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు 2024లో, డిమెన్షియాకు దారితీయునట్టివియు మనము సవరించుకొనదగినవియునగు 14 కారణములలో నలుగురితో సంబంధము లేక యొంటిగా నుండుటను, వినికిడి లోపమును కూడ చేర్చిరి. ఈ రెండును తోబుట్టువులని నా నమ్మకము: మాట వినబడనివారు మరల మరల అడుగుటకు సిగ్గుపడి క్రమముగా నలుగురినుండి తొలగుదురు. చెవి యంత్రము కొనియిచ్చిన కుమారుడు తండ్రికి ఊరినే తిరిగి యిచ్చినవాడగును.

తోడు విలువను తలచినప్పుడు రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి (1867-1946) రాజమహేంద్రవర జీవితము నాకు తరచుగా స్ఫురించును. ఆయనకు చూపు పోయినది. చదివి వినిపించుట కొకరు, చెప్పినది వ్రాయుట కొకరు కావలసివచ్చిరి. ఆ అవసరమును లోపముగా దాచుకొని గదిలో మూల చేరక, ఇతరుల కలమునకు తన కంఠమును జతచేసి ఆయన గ్రంథరచన సాగించిరి, స్వీయచరిత్ర సైతము వెలువరించిరి. ఇందులో ఆయన ప్రతిభకెంత పాలు గలదో, ప్రక్కన కలము పట్టి కూర్చున్నవారి సాహచర్యమునకును అంత పాలు గలదు.

అదే నగరమున గౌతమీ గ్రంథాలయమున్నది, పుష్కరఘట్టపు మెట్లున్నవి; పల్లెలలో రామాలయములున్నవి. అచ్చటికి పోవుట మంచిదే గాని అంతటితో చాలదు, ఒకనాడు రాకపోయిన, "ఏమండీ, నిన్న కనబడలేదు?" అని అడుగువారుండవలెను. భజన లెక్కలు వ్రాయుటయో, పొరుగు పిల్లలకు పద్యము నేర్పుటయో చేతబట్టిన వృద్ధుల కొరకు ఆ యెదురుచూపు తానై పుట్టును.

ఆదివారము ఫోనులో కుమారుడు "మందులు వేసుకున్నారా, నాన్నగారూ?" అని అడుగును. అడుగవలసినదే. "ఈ వారం మనింటికి ఎవరొచ్చారు?" అనియు అడిగి, ఆ ప్రశ్నకు తండ్రి చెప్పుటకొక పేరుండునట్లు పొరుగువారితో ముందుగానే మాటలాడి యుంచుట దూరదేశమునుండియు సాధ్యమే.