రిపోర్టు నార్మలే... మరి నీరసమెందుకు?

‘‘ఈమధ్య నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం వచ్చేస్తోంది వదినా!’’

‘‘బి12 తగ్గిందేమో... ఓసారి రక్తపరీక్ష చేయించుకోరాదూ!’’

ఇప్పుడు ఏ ఇంట చూసినా ఇవే మాటలు. పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి, సాయంత్రానికల్లా ఫోనుకే రిపోర్టు పంపిస్తున్న రోజులివి. ఒక్క సూదితో డెబ్భై, ఎనభై పరీక్షలంటూ ప్యాకేజీలు ఊరిస్తుంటాయి. తీరా రిపోర్టులో ఎర్ర అంకెలు కనిపిస్తే కంగారు. కనిపించకపోతే ‘నాకేమీ లేదు’ అన్న ధీమా. ఒక్కోసారి రెండూ పొరపాటే! పోషకాల లోపాల్లో కొన్నింటిని రక్తం సూటిగా చెబుతుంది. కొన్నింటిని ఆలస్యంగా చెబుతుంది. కొన్నింటిని అసలు చెప్పదు. ఆ తేడా తెలిస్తే డబ్బూ వృథా కాదు, అసలు జబ్బూ దాక్కోదు.

పర్సు నిండుగా... బీరువా ఖాళీగా!

మనదేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గర్భిణులు కాని మహిళల్లో డెసిలీటరు రక్తానికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. గర్భిణులకు ఆ హద్దు 11, మగవాళ్లకు 13.

మరి 12.5 ఉంటే అంతా బాగున్నట్టేనా? కాకపోవచ్చు. శరీరం ఇనుమును కొంత రోజువారీ ఖర్చుకి వాడుకుంటూ, కొంత ఫెరిటిన్ రూపంలో దాచుకుంటుంది. తిండిలో ఇనుము చాలకపోయినా, నెలసరిలో రక్తం ఎక్కువగా పోయినా ముందు ఆ దాచుకున్నదాన్నే బయటికి తీస్తుంది. అది అయిపోయాకే హిమోగ్లోబిన్ తగ్గడం మొదలవుతుంది. పర్సులో డబ్బు కనిపిస్తూనే ఉంటుంది, బీరువా మాత్రం ఖాళీ అయిపోతుంటుంది. ‘రిపోర్టు నార్మల్’ అన్నా నీరసం వదలకపోవడానికి ఇదో కారణం. దీన్ని పట్టించేది ఫెరిటిన్ పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో లీటరుకు 15 మైక్రోగ్రాముల కన్నా తక్కువుంటే ఇనుము లోపించినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక్కడో మెలిక ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాపు లాంటివి ఉన్నప్పుడు ఇనుముతో సంబంధం లేకుండా ఫెరిటిన్ పెరిగిపోతుంది. అందుకే అలాంటివాళ్ల విషయంలో ఆ సంస్థే హద్దును 70కి పెంచింది. జ్వరం తగ్గిన వెంటనే చేయించుకున్న పరీక్ష లోపాన్ని కప్పేయవచ్చన్నమాట.

ప్రతిసారీ ఇనుమేనా?

హిమోగ్లోబిన్ తగ్గగానే ఐరన్ మాత్రలు కొని మింగేయడం చాలామందికి అలవాటు. కానీ సీబీపీ రిపోర్టులో ‘ఎంసీవీ’ అన్న వరసనూ చూడాలి. అది ఎర్ర రక్తకణాల సైజు. మామూలుగా 80-100 మధ్య ఉంటుంది. ఇనుము చాలకపోతే కణాలు చిన్నవవుతాయి. ఫెరిటిన్ బాగానే ఉండి, కణాలు మాత్రం చిన్నగా ఉంటే తలసీమియా లక్షణాన్ని మోస్తున్నారేమో చూడాలి. వీళ్లకి ఇనుము లోపం కూడా ఉంటే తప్ప ఐరన్ మాత్రలతో ఉపయోగం ఉండదు. భార్యాభర్తలిద్దరూ ఆ లక్షణాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందే తెలుసుకోవాల్సిన సంగతిది.

మగవాళ్లలోనో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనో ఇనుము తగ్గిందంటే మరింత జాగ్రత్తపడాలి. కడుపులో పుండు, మొలలు, పేగు క్యాన్సర్... ఎక్కడి నుంచైనా కొద్దికొద్దిగా రక్తం పోతుండొచ్చు. కారణం వెతక్కుండా మాత్రలతో అంకె పెంచుకుంటే అసలు జబ్బు మరుగున పడిపోతుంది.

వేలి చుక్క... నరం చుక్క

రక్తం ఎలా తీశారన్నదీ ముఖ్యమే. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి నుంచి తీసిన చుక్కను పరీక్షించి, అయిదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉందన్నారు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే నరం నుంచి రక్తం తీసి ల్యాబులో పరీక్షించింది. అక్కడ ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో ఇది 41 శాతమే! పిల్లల వయసుల్లో కాస్త తేడా ఉన్నా, రక్తం తీసిన పద్ధతీ ఇందుకో కారణం. వేలిని నొక్కి పిండితే రక్తంతోపాటు కణాల మధ్యనుండే ద్రవమూ కలిసి అంకె మారిపోవచ్చు. శిబిరాల్లో చేసే వేలి పరీక్షను తొలి హెచ్చరికగా తీసుకుని, తేడా ఉంటే నరం రక్తంతో నిర్ధారించుకోవడం మేలు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

1930ల తొలినాళ్లలో బొంబాయి మిల్లు కార్మికుల కుటుంబాల్లోని గర్భిణులను పీడిస్తున్న రక్తహీనతకు ఈస్ట్ సారం మందులా పనిచేస్తోందని ఇంగ్లండు వైద్యురాలు లూసీ విల్స్ గుర్తించారు. అందులోని పోషకమే ఫోలేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఇప్పుడు గర్భిణులకిచ్చే మాత్రల్లో ఉండేది అదే.

అయితే ఫోలిక్ యాసిడ్‌కూ బి12కూ మధ్య ఓ చిక్కుముడి ఉంది. ఏది లోపించినా ఎర్రకణాలు పెద్దవైపోతాయి. ఎంసీవీ వంద దాటుతుంది. బి12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది. నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరపు... ఆలస్యమైతే కొన్ని శాశ్వతంగా మిగిలిపోవచ్చు కూడా.

మిల్లీలీటరుకు 200 పైకోగ్రాముల కన్నా తక్కువుంటే సాధారణంగా బి12 లోపమంటారు. 200-300 మధ్య ఉంటే అనుమానమే. అప్పుడు హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్షలు దారి చూపిస్తాయి. పాలు, గుడ్లు, మాంసం ముట్టనివాళ్లు, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లు దీన్ని పట్టించుకోవాల్సిందే.

డి... అందరికీ అవసరమా?

విటమిన్ డికి చేసే పరీక్ష పేరు ‘25-హైడ్రాక్సీ విటమిన్ డి’. మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు ఉండాలని 2011లో చెప్పిన అమెరికా ఎండోక్రైన్ సొసైటీయే, 2024లో ఆ హద్దును పక్కనపెట్టింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లందరికీ ఈ పరీక్ష అక్కర్లేదని కూడా సూచించింది. ఎముకల నొప్పులు, ఎముకలు గుల్లబారడం, కిడ్నీ జబ్బు, ఆహారం సరిగా ఒంటబట్టకపోవడం లాంటివి ఉన్నవాళ్లకు మాత్రం పరీక్ష ఉపయోగమే. అంకె తగ్గిందని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లను డాక్టరు చెప్పిన వారాలు దాటాక కూడా తాగుతూపోతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికొస్తుంది.

రక్తం చెప్పని సంగతులు

ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో తగ్గితే శరీరం ఎముకల నుంచి తీసి సర్దేస్తుంది. కాబట్టి ‘కాల్షియం నార్మల్’ అంటే ఎముకలు గట్టిగా ఉన్నట్టు కాదు. అది చెప్పాల్సింది డెక్సా స్కాన్. మెగ్నీషియంలోనూ రక్తద్రవంలో ఉండేది ఒక శాతం లోపే. జింక్ అంకె పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, జ్వరమొస్తే పడిపోతుంది. ఇక ఊళ్లో జనానికి అయోడిన్ సరిపడా అందుతోందా లేదా అన్నది తేల్చేది మూత్రపరీక్ష!

పరీక్షకు వెళ్లేముందు...

* ముందు లక్షణాలూ, తిండీ, వాడే మందులూ డాక్టరుకు చెప్పండి. చాలామందికి సీబీపీ, ఫెరిటిన్, బి12తో మొదలుపెడితే చాలు.

* బి12 ఇంజక్షన్ చేయించుకున్నాక పరీక్షకు వెళ్తే అంకె ఎక్కువగా కనిపిస్తుంది. పరీక్ష ముందు, మందు తర్వాత.

* జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబులో తప్పకుండా చెప్పండి. థైరాయిడ్ సహా కొన్ని పరీక్షల ఫలితాలను అది తారుమారు చేస్తుంది.

* ఐరన్ మాత్ర వేసుకున్నాక టీ, కాఫీలకు గంటయినా ఆగండి. నిమ్మరసంతో అయితే బాగా ఒంటబడుతుంది.

* హిమోగ్లోబిన్ పెరగ్గానే మాత్రలు ఆపొద్దు. నిల్వలు నిండాలంటే సాధారణంగా మరో మూడు నెలలు పడుతుంది.

* పాత రిపోర్టులు పారేయొద్దు. ఒక్క అంకె కన్నా ఏళ్ల తరబడి అది ఎటు వెళ్తోందన్నదే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

లోపం ఉందని తేలడం సగం పనే. అది తిండి వల్లా, నెలసరి వల్లా, కడుపులోని జబ్బు వల్లా అన్నది తేలితేనే మిగతా సగం పూర్తయినట్టు. నెల రోజులు మందు వాడినా అంకె కదల్లేదంటే డోసు పెంచమని అడగడం కాదు, కారణం వెతకమని అడగాలి!