గింజలో పాలు ఎవరి కోసం?

లేత మొక్కజొన్న కండె ఒలిచి గింజను గోటితో నొక్కితే తెల్లని పాలు వస్తాయి. "గింజ పాలు పోసుకుంది" అని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. ఆ పాలు మన కోసం కాదు. గింజలో నిద్రపోతున్న పసిమొక్క కోసం. సైన్సు పుస్తకంలో దీన్ని అంకురచ్ఛదం అన్నారు. ఇది ఎలా తయారవుతుందో నాకు తెలిసినంత చెప్తాను.

మొక్కజొన్న తలమీద ఉండేవి మగపూలు. కండె చివర వేలాడే పీచు ఆడపూలది. ఒక్కో పీచు ఒక్కో గింజది. పుప్పొడి రేణువు పీచు మీద పడగానే సన్నని గొట్టం పుట్టి, పీచు లోపల్నుంచి కిందికి దిగుతుంది. దాంట్లో రెండు మగకణాలు ఉంటాయి. ఒకటి అండకణంతో కలిసి పిండం అవుతుంది. అదే పసిమొక్క. రెండోది పక్కనే ఉన్న పెద్ద కణంలోని రెండు కేంద్రకాలతో కలుస్తుంది. అది అంకురచ్ఛదం అవుతుంది. ఇలా రెండు చోట్ల కలవడమే ద్విఫలదీకరణం. 1898లో నవాషిన్ అనే రష్యా శాస్త్రవేత్త లిల్లీ జాతి మొక్కల్లో దీన్ని కనిపెట్టాడు.

ఇప్పుడు లెక్క చూడండి. మొక్కజొన్న మగకణంలో 10 క్రోమోజోములు, అండకణంలో 10. కనుక పిండంలో 20. అంకురచ్ఛదంలో మాత్రం 10+10+10, అంటే 30. తల్లివి రెండు వాటాలు, తండ్రిది ఒకటి. తండ్రి వాటా ఉంది కాబట్టే, పక్క చేలోని పసుపురకం పుప్పొడి గాలికి వచ్చి పడితే, తెల్లరకం కండెలో ఆ ఏడే అక్కడక్కడా పసుపు గింజలు కనపడతాయి. తెల్లరకమే నిలుపుకోవాలంటే ఆ గింజల్ని విత్తనానికి ఉంచకూడదు.

అన్ని మొక్కలూ ఒకేలా చెయ్యవు. కొబ్బరినీళ్ళు, కొబ్బరి రెండూ అంకురచ్ఛదమే. ఆముదం గింజలో నూనె ఉండేది ఎక్కువగా దీంట్లోనే. చిక్కుడు గింజలో మాత్రం పిండం దీన్ని ముందే తినేసి, ఆ బలాన్ని రెండు పప్పుబద్దల్లో దాచుకుంటుంది. పూలు పూయని సైకస్, పైన్ చెట్లలో ఈ ఆహారపు కణజాలం ఫలదీకరణకు ముందే, తల్లి వాటాతోనే తయారవుతుంది. మొక్కజొన్న అలా కాదు. బిడ్డ ఖాయమయ్యాకే కూడు వండుతుంది!

విత్తనం మట్టిలో తడిస్తే లోపలి పిండి కరిగి చక్కెర అవుతుంది. ఆకు పైకొచ్చి ఎండలో సొంతంగా వండుకునే దాకా మొలకకు అదే తిండి. ముక్కపురుగు ఆ పిండిని తినేస్తే మొలక రాదు, వచ్చినా పీలగా ఉంటుంది. అందుకే మా అమ్మ విత్తనం కండెల్ని పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీస్తుంది. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయినా వాటి మీద చెయ్యి వెయ్యనివ్వదు. అవి పసిమొక్కల కూడు, వచ్చే ఏడు మన కూడు.

మిత్రులారా! విత్తనాలు ఏరేటప్పుడు చిల్లిపడ్డ గింజల్ని పక్కన పెట్టండి. నిండు గింజలే నాటండి.