రెండో వారం ఆడని కోరికలు

పోయిన వేసవిలో మదనపల్లె నుంచి కుప్పానికి బస్సెక్కాను. వెంట ఓ పాత రేకుపెట్టె. దాని బరువు చూసి కండక్టరు "ఏముండాది సామీ ఇందులో, బంగారమా?" అన్నాడు. "అంతకన్నా ఎక్కువే!" అన్నాను దర్జాగా. ఆ మాట ఎంత పచ్చి అబద్ధమో సాయంత్రానికి తెలిసొచ్చింది లెండి!

పెట్టెలో ఏముందంటారా? పాటల పుస్తకాలు, హీరోల ఫొటో కార్డులు, వాల్‌పోస్టర్లు, కేసెట్లు, సినిమా పత్రికలు... హైస్కూలు రోజుల నుంచీ కూడబెట్టిన నా ఆస్తి. ఇంటర్వెల్లో బజ్జీలు మానుకుని పాటల పుస్తకం కొన్నవాణ్ణి నేను. ఇంట్లో టేప్‌రికార్డరు లేకపోయినా కేసెట్లు కొన్నాను! "ఏం జేసుకుంటావు నాయనా ఇవన్నీ?" అని మా అవ్వ అడిగేది. నా దగ్గర జవాబుండేది కాదు. పెట్టెకు తాళం మాత్రం ఉండేది.

ఆ పెట్టె ఇన్నేళ్లకు కదలడానికి కారణం నా మేనల్లుడు. కుప్పంలో ఓ దుకాణంలో పని. నెలకు 16 వేలు జీతం. ఓ రాత్రి ఫోన్ చేశాడు. "మామా, 20 వేలు సర్దు. అమ్మకు మాత్రం చెప్పొద్దు." గొంతు వణుకుతోంది.

నిదానంగా అడిగితే బయటపడింది. రెండు ఫోన్లు, మూడు జతల బూట్లు, చేతి గడియారం, పాటలు వినే పెట్టె, తోలు జాకెట్టు... అన్నీ కంతుల మీదే! ఒకటి 900, ఒకటి 1,400, ఒకటి 1,800, ఒకటి 2,000, ఒకటి 2,100. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టదు. కలిపితే 8,200. జీతంలో సగానికి పైన! రెండు నెలలు కట్టలేకపోయాడు. జరిమానా పడింది.

"ఆ బూట్లన్నా వేసుకుంటివా?"

"ఒక జత వేసుకుంటి మామా. మిగతావి అట్టపెట్టెలోనే ఉండాయి."

వేలాడే కోడి

ఆ మాట వినగానే నాకు లక్ష్మీపతి గుర్తొచ్చాడు. అదేనండీ, 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి. కోడిని ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ అన్నం తింటాడు. హాల్లో పగలబడి నవ్వాం. కానీ మీరే చెప్పండి... వేసుకోని బూట్లకూ, తినని కోడికీ తేడా ఏముంది? లక్ష్మీపతి డబ్బు ఖర్చుపెట్టకుండా మురిసిపోయాడు. మావాడు ఖర్చుపెట్టి మురిసిపోయాడు. అనుభవించింది మాత్రం ఇద్దరూ లేదు!

నన్ను వదిలేయకండి. విననన్ని కేసెట్లు కొన్న మేనమామను నేనే కదా. వాడికి ఆ విద్య ఆకాశం నుంచి ఊడిపడలేదు.

మా ఊరి మనిషి

బస్సు మదనపల్లె దాటుతుంటే ఓ విషయం మనసులో మెదిలింది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మా ఊళ్లోనే, 1895లో. ఆయన్ను జగద్గురువుగా నిలబెట్టాలని పెద్ద సంస్థే వెలిసింది. వేల మంది సభ్యులు, భూములు, విరాళాలు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఒమెన్‌లో ఆ సంస్థను ఆయనే రద్దు చేశాడు. ఇచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు తిరిగి వెళ్లాయి. అంతటిది వదులుకున్న మనిషి ఊళ్లో పుట్టి, నేను ఓ రేకుపెట్టెను వదల్లేకపోయాను. సిగ్గనిపించింది.

పుంగనూరు వచ్చింది. ఈ పేరు వినగానే పొట్టి ఆవు గుర్తొస్తుంది కదూ? సుమారు మూడడుగుల ఎత్తు. తక్కువ మేతతో, మెట్ట ప్రాంతంలో బతికే జాతి. ఉన్నదాంతో సరిపెట్టుకోవడం దాని గొప్పతనం. చిత్రమేమిటంటే, 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫొటోలు వచ్చాక దాని పేరు దేశమంతా మోగింది. లక్షలు పోసి కొనేవాళ్లున్నారు. పాడి కోసం, జాతి నిలబెట్టడం కోసం అయితే సంతోషమే. ఫొటో కోసమే అయితే? అల్పసంతోషి ఆవును కూడా మనం ఆడంబరం చేశామన్నమాట!

పెట్టె తెరిచిన వేళ

పలమనేరు, వి.కోట మీదుగా సాయంత్రానికి కుప్పం చేరాను. నా లెక్క ఏమిటంటే, పెట్టెలోవి అమ్మితే మంచి డబ్బొస్తుంది, మావాడి బాకీ తీరుతుంది. ఏళ్ల తర్వాత తాళం తీశాను.

చెదలు!

అడుగు తుప్పుపట్టి చిల్లుపడింది. లోపల పుస్తకాలు మట్టిగడ్డలయ్యాయి. ఆ బరువు కాగితాలది కాదు, మట్టిది. కేసెట్ల టేపులు బూజుపట్టి అతుక్కుపోయాయి. పాత సామాన్లవాడు వచ్చి, మిగిలిన కాగితాలకూ రేకుకూ కలిపి 70 రూపాయలిచ్చాడు. కేసెట్లు వద్దన్నాడు.

మా అక్క అంతా చూస్తూ నిలబడింది. చెవులు బోసిగా ఉన్నాయి. "నాకు తెలీదనుకుంటిరా ఇద్దురూ? కమ్మలు కుదువబెట్టి నిన్ననే కట్టేస్తి" అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మావాడు తలెత్తలేదు.

ఆ రాత్రి మిద్దె మీద పడుకుని వాడితో ఒక్క సంగతే చెప్పాను. "ఒరే, తెర మీద హీరో వేసుకున్న చొక్కా చాలామట్టుకు హీరోది కాదు. కాస్ట్యూమ్స్ వాళ్లది. బంగళా సెట్టు, సోఫా అద్దెది. షూటింగ్ అయిపోతే ఎక్కడివక్కడికి పోతాయి. వాళ్లు వదిలేసిందాన్ని పట్టుకుని మనం కంతులు కడతన్నాం!"

చాలాసేపు పలకలేదు. తర్వాత అన్నాడు: "మామా, శుక్రవారం రిలీజైన ప్రతి సినిమా హిట్టు కాదు కదా. ఇంక ఏదన్నా కొనాలనిపిస్తే కాగితం మీద రాసిపెడతా. వచ్చే శుక్రవారం దాకా ఆగతా. కోరిక రెండో వారం కూడా ఆడితే అప్పుడు చూద్దాం."

ఇంతకన్నా మంచి సూత్రం నేను చెప్పగలనా? తెరవని బూట్లు రెండు జతలూ సగం ధరకు అమ్మేశాడు. నేను 5 వేలు ఇచ్చాను. కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి. నెలనెలా కట్టి విడిపిస్తానంటున్నాడు. కాగితం మీద ఇప్పటికి పదకొండు కోరికలు రాశాడట. రెండో వారం ఆడింది ఒక్కటేనట... దుకాణానికి వెళ్లడానికి ఓ పాత సైకిలు!

అన్నట్టు, పాటల పుస్తకాలు పోయినందుకు నాకు బాధ లేదా అంటారా? తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాతపాట ఒకటి పాడుకున్నాను. ఒక్క మాట కూడా మర్చిపోలేదు. దానికి చెదలు పట్టవు, కంతులూ ఉండవు.