ఓడలెక్కిన క్రికెట్టు

పామర్రు పిల్లలు ఒక ఆదివారం గుడివాడ వెళ్ళి, అక్కడి జట్టుతో క్రికెట్టు ఆడి వచ్చారనుకోండి. మరుసటి ఆదివారం గుడివాడ పిల్లలు పామర్రు రావాలి. రాకపోతే మనకు కష్టంగా ఉంటుంది. “వాళ్ళ కంటికి మనం సాటిగా కనబడలేదా?” అనిపిస్తుంది. ఒకరింటికి ఒకరు వెళ్ళడంలో స్నేహం ఉన్నది, మర్యాద కూడా ఉన్నది.

దేశాల మధ్య జరిగే క్రికెట్టు యాత్రల సంగతీ ఇంతే. అయితే ఒకప్పుడు ఆ యాత్రలకు ఓడలెక్కి, వారాల తరబడి సముద్రం మీద ప్రయాణం చెయ్యవలసి వచ్చేది. ఆ కథలో మన బందరుతో సంబంధం ఉన్న ఒక గొప్ప ఆటగాడు ఉన్నాడు. ఆయన దగ్గరికి రాబోయే ముందు, అసలు ఈ యాత్రలు ఎలా మొదలయ్యాయో చూద్దాం.

మొదటి యాత్రలు

1859లో 12 మంది ఇంగ్లీషు ఆటగాళ్ళు లివర్‌పూల్ రేవులో ఓడ ఎక్కి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి కెనడాకూ, అమెరికాకూ వెళ్ళారు. వాళ్ళ నాయకుడు జార్జి పార్. ఒక దేశపు జట్టు క్రికెట్టు కోసం సముద్రం దాటడం అదే మొదలు. అక్కడ ప్రతి ఆటలోనూ ఎదుటి పక్షాన 11 మందికి బదులు 22 మంది ఆడారు! అయినా 5 ఆటలూ ఇంగ్లీషువాళ్ళే గెలిచారు.

రెండేళ్ళ తరువాత ఆస్ట్రేలియా వంతు వచ్చింది. మెల్‌బోర్న్ నగరంలో భోజనశాలల వ్యాపారం చేసే ఇద్దరు వర్తకులు, ఇంగ్లండు నుంచి చార్లెస్ డికెన్స్ అనే ప్రసిద్ధ రచయితను పిలిపించి, ఆయన కథలు ఆయన చేతనే చదివించాలనుకున్నారు. డికెన్స్ రాలేదు. అప్పుడు వాళ్ళు ఆయనకు బదులు క్రికెట్టు ఆటగాళ్ళను పిలిపించారు. ఆ జట్టు 1861లో బయలుదేరి, రెండు నెలలకు పైగా ఓడలో ప్రయాణం చేసి మెల్‌బోర్న్ చేరింది.

మరి ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు మొదట వెళ్ళినది ఎవరు? అక్కడ స్థిరపడిన తెల్లవాళ్ళు కారు. ఆ గడ్డ మీద వేల సంవత్సరాలుగా ఉంటున్న ఆదివాసులు! 1868లో వాళ్ళు ఇంగ్లండులో 47 ఆటలు ఆడారు. 14 గెలిచారు, 14 ఓడారు, 19 తేలకుండా మిగిలాయి. తమను చిన్నచూపు చూసినవారి ఆటను వారి దేశంలోనే, వారితో సమానంగా ఆడి చూపారన్న మాట.

1877 మార్చిలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్లు మెల్‌బోర్న్‌లో తలపడ్డాయి. ఆస్ట్రేలియా 45 పరుగులతో గెలిచింది. దానినే మొదటి టెస్టు అంటున్నాము. టెస్టు అంటే పరీక్ష గదా! రెండు దేశాల బలానికి అది పరీక్ష.

మన దేశంలో

ఇంగ్లీషు వర్తకుల ఓడ బందరు రేవుకు 1611లోనే వచ్చింది. 1721లో పడమటి తీరాన, కాంబే దగ్గర, కంపెనీ నావికులు క్రికెట్టు ఆడారు. మన దేశంలో ఆ ఆటను గురించి దొరికే మొదటి ప్రస్తావన అదే.

తెల్లవాళ్ళను చూసి ఆట నేర్చినవారిలో బొంబాయి పార్సీలు మొదటివారు. వాళ్ళు 1886లో సొంత జట్టుతో ఇంగ్లండు వెళ్ళారు. 28 ఆటలు ఆడి ఒక్కటే గెలిచారు. అయినా నిరుత్సాహపడక 1888లో మళ్ళీ వెళ్ళి, ఈసారి 8 గెలిచారు. 1890లో ఇంగ్లండు నుంచి వెర్నన్ అనే ఆయన తన జట్టును తీసుకువచ్చినప్పుడు, ఆ జట్టును బొంబాయిలో ఓడించినది కూడా పార్సీలే.

1911లో అన్ని మతాలవారూ కలిసిన భారత జట్టు ఇంగ్లండు వెళ్ళింది. పటియాలా మహారాజు నాయకుడు. ఆ యాత్రలో అందరికన్న మిన్నగా రాణించినవాడు పల్వంకర్ బాలూ. అంటరానివారని సంఘం దూరంగా పెట్టిన కులంలో పుట్టినవాడాయన. ఆయన ఒక్కడే 100కు పైగా వికెట్లు తీశాడు. అయినా నాయకత్వం మాత్రం ఎన్నడూ ఆయన దాకా రాలేదు. ఆ రోజులలో జట్టుకు నాయకుడంటే మహారాజే అయివుండాలని చాలామంది భావించేవారు.

ఒక్క ఆటతో మారిన సంగతి

ఇప్పుడు మన ఆటగాడి కథకు వద్దాం. ఆయన పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకం ఆయనను సి. కె. నాయుడు అన్నది. వాళ్ళ కుటుంబం బందరుది. పెద్దలు నాగపూరు వెళ్ళి స్థిరపడ్డారు. 1895 అక్టోబరు 31న ఆయన అక్కడ పుట్టాడు.

1926లో ఇంగ్లండు నుంచి ఎం. సి. సి. జట్టు మన దేశానికి వచ్చింది. దాని నాయకుడు ఆర్థర్ గిలిగన్. బొంబాయిలో హిందువుల జట్టుతో ఆట. మొదటినాడు గై ఎర్ల్ అనే ఇంగ్లీషు ఆటగాడు 8 సిక్సర్లు కొట్టి చూసేవారిని నివ్వెరపరిచాడు. మరునాడు, డిసెంబరు 1న, నాయుడు బ్యాటు పట్టుకుని వచ్చాడు. రెండు గంటలలోపే 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు! సంగతి తెలిసి, ఊళ్ళో జనం పనులు వదిలి మైదానానికి పరుగెత్తారు. చోటు దొరకనివారు చెట్లూ, ఇళ్ళ కప్పులూ ఎక్కారు.

చూసినవారిలో గిలిగన్ కూడా ఉన్నాడు గదా! “మీరు టెస్టులు ఆడడానికి తగినవారు. ముందు మీకంటూ ఒక సంఘం ఏర్పాటు చేసుకోండి,” అన్న ధోరణిలో ఆయన మనవారిని ప్రోత్సహించాడు. 1928లో భారత క్రికెట్టు బోర్డు ఏర్పడింది. ఇంగ్లండు నుంచి మారు పిలుపు కూడా వచ్చింది.

లార్డ్స్‌లో

1932 వేసవిలో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళింది. ఈసారి కూడా నాయకుడు ఒక రాజే, పోరుబందరు మహారాజు. కాని ఆయనకు తన శక్తి ఎంతో తెలుసు. తన బ్యాటు నుంచి పరుగులు రావడం లేదు. టెస్టు వచ్చేసరికి ఆయన తప్పుకున్నాడు. ఉపనాయకుడికి దెబ్బ తగిలి ఆడలేకపోయాడు. నాయకత్వం సి. కె. నాయుడుకు వచ్చింది. రాజు కాని మనిషి భారత జట్టును నడిపించాడు. ఆయన గొప్పతనాన్ని మెచ్చుకునేటప్పుడు, చోటు ఇచ్చిన పోరుబందరు మహారాజును కూడా మనం మరిచిపోకూడదు.

జూన్ 25న లండనులోని లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు మొదలయింది. మహమ్మద్ నిస్సార్ వేగంగా బంతులు వేసి ఇద్దరిని పడగొట్టాడు. లాల్ సింగ్ మెరుపులా బంతిని అందుకుని మూడవవాడిని రనౌట్ చేశాడు. ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు! మైదానమంతా నిశ్శబ్దమయిపోయింది.

తరువాత ఇంగ్లండు తేరుకున్నది. ఫీల్డింగు చేస్తూ నాయుడు చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే ఆయన బ్యాటు పట్టి 40 పరుగులు చేశాడు. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అవే ఎక్కువ. చివరకు 158 పరుగులతో మనవారు ఓడిపోయారు. ఓడినా, సాటివారమని అనిపించుకున్నారు. ఆ యాత్రలో నాయుడు 1,618 పరుగులు చేశాడు. ప్రసిద్ధమైన విజ్డెన్ గ్రంథం మరుసటి ఏడు ఆయనను అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరుగా ఎన్నుకున్నది.

1936లో మళ్ళీ ఇంగ్లండు యాత్ర. నాయకత్వం తిరిగి రాజవంశానికే, విజయనగరం రాజకుమారుడికి, పోయింది. నాయుడు మామూలు ఆటగాడుగా వెళ్ళాడు. ఆఖరి టెస్టులో ఒక వేగమైన బంతి ఆయన పొట్టకు తగిలింది. ఆయన నిలదొక్కుకుని 81 పరుగులు చేశాడు. పదవి పోయినంత మాత్రాన ఆట పోతుందా?

మళ్ళీ మన దగ్గరకు

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలలో దిగింది. దానికి నాయకుడెవరో తెలుసునా? సి. కె. నాయుడే! అప్పటికి ఆయనకు 58 ఏళ్ళు. పెద్దలు విడిచి వెళ్ళిన నేల పేరున ఆయన ఆడాడు. 1956లో పద్మభూషణ్ బిరుదు వచ్చింది. 1967లో ఇండోరులో కన్నుమూశాడు.

తరువాత యాత్రలు విమానాలెక్కాయి. 2002 నవంబరు 24న వెస్టిండీస్ జట్టు విజయవాడకే వచ్చి మనవారితో ఆడి, 135 పరుగులతో గెలిచి వెళ్ళింది. ఆనాటి ఆటను మీ ఇళ్ళలో పెద్దలు ఎవరయినా చూసివుంటారు, అడిగి చూడండి.

విజయవాడ నుంచి బందరు వెళ్ళే రోడ్డు పామర్రు మీదుగానే పోతుంది. మీరు ఈసారి ఆ దారిన పోయేటప్పుడు సి. కె. నాయుడును తలుచుకోండి. పొరుగూరి జట్టు మీ ఊరు వచ్చినప్పుడు వారికి ముందుగా మంచినీళ్ళిచ్చి, ఆ తరువాత గట్టిగా ఆడండి. మీకన్న బాగా ఆడేవాడు మీ జట్టులో ఉంటే, వాడు పేదవాడయినా, చిన్నవాడయినా, వాడినే నాయకుణ్ణి చెయ్యండి.