సగము మునిగిన చంద్రబిలము

జహీరాబాదు పరిసరములందలి ఎర్రనేల ఒకప్పుడు నల్లరాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి బసాల్టు శిల అయినది. తరువాతి యుగములలో వాననీరు అందలి కరిగెడి పదార్థములను కడిగివేయగా, మిగిలిన ఇనుము త్రుప్పుపట్టి ఎర్రని లాటరైటు ఏర్పడినది.

చంద్రునిపైనను బసాల్టు కలదు. మన పెద్దలు కుందేలని చూపు నల్లని మచ్చలు గడ్డకట్టిన లావా మైదానములే. వానిలో సెరెనిటాటిస్ అను మైదానపు తూర్పు అంచున లెమోనియె అను బిలమున్నది. దాని అడ్డుకొలత 60 కిలోమీటర్లకు పైమాట. జహీరాబాదు నుండి సంగారెడ్డికి గల దూరముకంటె ఎక్కువ.

ఈ గుంటను త్రవ్వినది ఆకాశము నుండి పడిన ఒక పెద్దశిల. లావా దానికి ముందు పారినదా, తరువాత పారినదా? ముందే పారియున్నచో గట్టు నాలుగువైపుల నిలిచి, అడుగు లోతుగా ఉండెడిది. ఇచ్చట పడమటి గట్టు కనబడదు. అడుగు బల్లపరుపుగా ఉన్నది. కావున గుంట ముందు, లావా తరువాత.

1973 జనవరి 15న సోవియట్ నౌక లూనా-21 ఇచ్చటనే దిగినది. అది తెచ్చిన లూనోఖోద్-2 బండి సుమారు 39 కిలోమీటర్లు తిరిగి ఈ నేలను పరీక్షించినది.

చంద్రునిపై వాన లేదు, గాలి లేదు. చిన్న ఉల్కల తాకిడియే అచ్చటి శిలలను మెల్లగా అరగదీయును. అందుచేతనే 300 కోట్ల సంవత్సరములకు పూర్వపు ఈ చరిత్ర ఇంకను చదువ వీలగుచున్నది. శుక్లపక్ష షష్ఠి ప్రాంతమున చిన్న దూరదర్శినితో చూచిన, ఆ విరిగిన గట్టు నీడ స్పష్టముగా కనబడును.